కోకిలకు గురువు లేడు

తెలుగు కవితలో పాటకు మారుపేరు కోకిల. వసంతము వచ్చినదని చెప్పుటకు మామిడి చిగురు ఎంత సాక్షియో కోకిల కూతయు అంత సాక్షి. కమ్మగా పాడువారిని కోకిలతోను, కర్కశముగా అరచువారిని కాకితోను పోల్చుట మనకు పరిపాటి. ఆ కోకిల కాకిగూటిలో పెరుగునన్న సంగతియు మన పూర్వులు ఎరుగనిది కాదు. పరభృతమనియు, అన్యపుష్టమనియు సంస్కృతమున దానికి గల పేర్లే ఆ యెరుకకు గుర్తులు. కాని ఆ పేర్ల వెనుక ఒక ప్రశ్న దాగియున్నది. కాకి తెచ్చిపెట్టిన తిండి తిని, కాకుల అరపులే వినుచు పెరిగిన మగపిల్ల, రెక్కలు ముదిరిన పిదప కాకివలె అరవక కోకిలవలె ఎట్లు కూయుచున్నది? దానికి ఆ కూత నేర్పిన గురువెవరు?

గురువెవరును లేరన్నదే శాస్త్రము చెప్పు సమాధానము. కోకిల కూత నేర్చినది కాదు, పుట్టుకతో వచ్చినది. కోడి సంగతియు ఇంతే. కోడిపిల్లకు చెవులు వినరాకున్నను అది పెరిగి పెద్దదై కోడివలెనే కూయును. నేర్చి పాడు పక్షులు వేరు. వానిని శాస్త్రజ్ఞులు గానపక్షులందురు. లోకమున గల 10,000కు పైబడిన పక్షిజాతులలో ఇంచుమించు సగము ఈ వర్గమునకు చెందినవే. మన పిచ్చుక, గోరువంక ఇందలివే. చిత్రమేమనగా, కోకిల ఈ వర్గములో లేదు, కాకి యున్నది! గానపక్షులు గాక చిలుకలును, అమెరికా ఖండములందు పూలముందు గాలిలో నిలిచి తేనె త్రాగు హమ్మింగు పిట్టలును విని స్వరము నేర్చు శక్తి గలవి. దీనివలన కవిసమయమునకు వచ్చిన లోటేమియు లేదు. కోకిల కూత మధురమే. కాని పుట్టుకతో వచ్చిన మాధుర్యమునకును, నేర్చి తెచ్చుకొన్న విద్యకును భేదము కలదు. ఆ భేదము తెలిసినవారికి విద్య యెంత విలువైనదో, యెంత సుకుమారమైనదో కూడ తెలియును.

ఈ భేదమును పరీక్షించి చూచినవారిలో ముందుగా చెప్పదగినవాడు ఇంగ్లండుకు చెందిన డెయిన్స్ బారింగ్టన్. ఆయన వృత్తిచే న్యాయవాది. 1765లో లండనులో బాలుడైన మొజార్టు సంగీతప్రతిభను పరీక్షించి రాయల్ సొసైటీకి నివేదిక వ్రాసినవాడు ఆయనయే. 1773లో అదే సొసైటీ పత్రికలో ఆయన పక్షుల పాటను గూర్చి వ్యాసము ప్రకటించెను. లినెట్ అను చిన్నపిట్ట పిల్లలను లార్కు అను మరియొక జాతి పక్షుల దగ్గర పెంచగా, అవి తమ జాతి పాటను గాక తమకు వినవచ్చిన పాటనే నేర్చెను. పాట రక్తముతోనే వచ్చునను నమ్మకమునకు అది పెద్ద దెబ్బ.

అయినను పాట గాలిలో కలిసిపోవునది. దానిని పట్టి కొలుచుట ఎట్లు? 1950 తరువాతి దశాబ్దములో కేంబ్రిడ్జి ఆచార్యుడు విలియం థార్ప్ ఈ చిక్కును తీర్చెను. ధ్వనిని కాగితముపై చిత్రముగా గీయు యంత్రమును ఆయన పక్షుల పాటకు ఉపయోగించెను. చాఫించ్ అను పిట్ట పిల్లలను పెద్దల పాట చెవిని పడకుండ పెంచి, పెద్దవైన పిదప అవి పాడిన పాటను చిత్రింపజేసెను. పాట నిడివి ఇంచుమించు సరిగానే యున్నది. కాని అందు చరణముల విభజన లేదు. ముగింపులో ఆ జాతి వేయు విరుపు లేదు. పుట్టుక ఆ పిట్టకు పాట పాడవలెనన్న కోరికను, ఒక ముతక అచ్చును ఇచ్చినది. తక్కిన చెక్కడపుపని యంతయు పెద్దలది.

థార్ప్ శిష్యుడు పీటర్ మార్లర్ ఈ పనిని కాలిఫోర్నియాలో కొనసాగించెను. అక్కడి తెల్లకిరీటపు పిచ్చుకలు సానుఫ్రాన్సిస్కో పరిసరములలోనే చోటు మారినకొలది వేరువేరు తీరుల పాడును. మన జిల్లాలకు యాస లున్నట్లే వానికిని యాస లున్నవి. 1964లో మార్లర్, టమురా ప్రకటించిన పరిశోధన ప్రకారము ఈ యాస పుట్టుకతో వచ్చునది కాదు. పిల్ల యే చోటి పాట విన్నదో ఆ చోటి యాసయే దానికి పట్టుబడును. అయితే వినికిడికి ఒక వయస్సు కలదు. పుట్టిన 10వ దినము మొదలు 50వ దినము వరకు ధ్వనిముద్రణమునుండి విన్న పాట మాత్రమే పిల్ల మనస్సున నాటుకొనెను. వేరుజాతి పాటను అట్లు వినిపించినను అది పెడచెవిన పెట్టెను.

ఇక్కడ ఒక విశేషము కలదు. 1984లో బాప్టిస్టా, పెట్రినోవిచ్ అను పరిశోధకులు యంత్రమునకు బదులు ప్రాణమున్న పక్షినే గురువుగా ఉంచి చూచిరి. అప్పుడు 50 దినములు దాటిన పిల్లలు కూడ నేర్చినవి. వేరుజాతి గురువు పాటను సైతము నేర్చినవి. యంత్రము తలుపు మూసివేసిన చోట ప్రాణముగల గురువు తలుపు తెరచెను. ముందు కూర్చుండి, చూచి, బదులు పలుకు ప్రాణికి గల బలము ఒక్క ధ్వనికి లేదు.

విన్నంతమాత్రమున పాట వచ్చునా? రాదు. దీనిని 1965లో నిరూపించినవాడు జపానులో పుట్టి అమెరికాలో పరిశోధన చేసిన మసకాజు కొనిషి. గురువు పాటను చక్కగా విన్న పిచ్చుకపిల్లకు, అది పాడుట మొదలిడకముందే వినికిడి లేకుండ చేసినచో, అది విన్న పాటను ఎన్నడును పాడలేకపోయెను. పాట నేర్చి స్థిరపడిన పక్షికి వినికిడి పోయినను ఆ పాట నిలిచెను. కనుక నేర్చుటలో రెండు మెట్లున్నవి. గురువు పాటను చెవితో విని మనస్సున ప్రతిమగా నిలుపుకొనుట మొదటిది. తన గొంతును తాను వినుచు, ఆ ప్రతిమతో సరిచూచుకొని దిద్దుకొనుట రెండవది. మొదటి మెట్టులో చెవి శిష్యుడు. రెండవ మెట్టులో చెవియే పరీక్షకుడు.

ఈ రెండవ మెట్టు చూడ ముచ్చటయైనది. పిల్లపిట్ట మొదట పాడునది పాట కాదు. అది తడబాటు, గొణుగుడు, అర్థములేని స్వరముల కలగాపులగము. పసిబిడ్డ ఉంగాలు పలికి, ముద్దుమాటలు మాటలాడి, పిదప వాక్యము కూర్చినట్లే పిట్టయు క్రమక్రమముగా స్వరములను విడదీసి, వరుస పెట్టి, తుదకు పాటగా స్థిరపరచును. 1871లో డార్విన్ తన గ్రంథమున ఈ పోలికను ఎత్తిచూపెను. ఆస్ట్రేలియాకు చెందిన జీబ్రా ఫించ్ అను పిట్ట నేడు ప్రయోగశాలలందు మిక్కిలి పరిచితమైనది. దాని మగపిల్ల తండ్రివద్ద విని, వేలసార్లు సాధన చేసి, పుట్టిన 90 దినములకు ఇంచుమించు పాటను స్థిరము చేసికొనును. ఆ తరువాత జీవితాంతము దానిది అదే పాట.

ఇంత పని జరుగు చోటు ఆ గుప్పెడు ప్రాణి మెదడులో ఎక్కడ? 1976లో న్యూయార్కులోని రాకెఫెల్లర్ విశ్వవిద్యాలయమున ఫెర్నాండో నాటెబోమ్, ఆయన సహచరులు కనరీ పక్షి మెదడులో పాటకు ప్రత్యేకించిన కేంద్రములను గుర్తించిరి. వానిలో ముఖ్యమైనవి రెండు: హెచ్.వి.సి. యనునది, దాని ఆజ్ఞ నందుకొను ఆర్.ఎ. యనునది. ఆర్.ఎ.నుండి వచ్చు ఆజ్ఞలు మెదడు కాండము మీదుగా గొంతు కండరములకును, శ్వాసకును చేరును. పక్షి పలుకు పెట్టె మనుష్యులకువలె గొంతు పైభాగమున ఉండదు. శ్వాసనాళము రెండుగా చీలు అడుగుచోట నుండును. రెండు పాయలను వేరువేరుగా నడుపగలుగుటచే కొన్ని పిట్టలు ఒకేసారి రెండు స్వరములు పలుకగలవు.

హెచ్.వి.సి. చేయు పని తాళము వేయుటవంటిది. 2002లో అమెరికాలో జీబ్రా ఫించ్‌పై జరిగిన పరిశోధన ప్రకారము, ఆర్.ఎ.కు ఆజ్ఞలు పంపు హెచ్.వి.సి. నాడీకణము పాటలోని ఒక్క ఆవృత్తములో ఒక్కసారి మాత్రమే, సెకనులో వందవ వంతుకన్న తక్కువకాలము మ్రోగి ఊరకుండును. బారులు తీరిన తాళగాండ్రు ఒకరి తరువాత నొకరు ఒక్కొక్క దెబ్బ మాత్రము వేసినట్లు, ఈ కణముల వరుసతో పాట నడచును. 2008లో మైకేల్ లాంగ్, ఫీ అను శాస్త్రజ్ఞులు ఆ కేంద్రమును కొన్ని డిగ్రీలు చల్లబరచిరి. పాట నడక మందగించెను. స్వరముల స్థాయి మాత్రము ఇంచుమించు మారలేదు. పాటకు కాలప్రమాణము ఎక్కడిదో ఇంతకన్న స్పష్టముగా చూపుట కష్టము.

అయితే ఇది పాడుదారి. నేర్చుదారి వేరొకటి కలదు. అది హెచ్.వి.సి. నుండి ఎక్స్ ప్రాంతమను చోటికి పోయి, అక్కడినుండి చుట్టు తిరిగి ఎల్.మాన్ అను కేంద్రముద్వారా మరల ఆర్.ఎ.ను చేరును. 1984లో సారా బాట్జర్, ఆమె సహచరులు ప్రకటించిన ఫలితము విచిత్రమైనది. పెద్దపిట్టలో ఎల్.మాన్ చెడినను పాట చెడలేదు. పిల్లపిట్టలో చెడినచో పాట వృద్ధి కాలేదు. మరి పిల్లదశలో అది చేయు పని యేమి? 2005లో ఆ కేంద్రమును కొంతసేపు నిద్రపుచ్చి చూడగా పిల్లపిట్ట పాటలో మార్పులు తగ్గి, అది ఒకే తీరున సాగెను. 2008లో తేలినది మరియు ఆశ్చర్యకరము: పిల్ల గొణుగుడుకు మూలము హెచ్.వి.సి. కానే కాదు, ఎల్.మాన్. అనగా తడబాటు చేతకానితనము వలన కలిగినది కాదు. మెదడు పనిగట్టుకొని, దానికొక ప్రత్యేక కేంద్రమునే యేర్పరచి, తడబాటును పుట్టించుచున్నది. పలురీతుల తప్పనిదే సరియైన రీతి యేదో తెలియదు గనుక!

తప్పును తప్పని తెలుపువారెవరు? 2016లో కార్నెల్ విశ్వవిద్యాలయమున విక్రం గదగ్కర్, జెస్సీ గోల్డ్‌బర్గ్ మొదలగువారు దీనిని పరీక్షించిరి. పిట్ట పాడుచుండగా ఒక స్వరము పలుకునప్పుడు అప్పుడప్పుడు వేరు ధ్వని కలిపి, పాట తప్పినట్లు దానికి వినిపింపజేసిరి. అట్లు వినిపించినప్పుడు ఎక్స్ ప్రాంతమునకు పోవు డోపమిన్ కణములు చప్పబడెను. తప్పు వినవచ్చునేమో యనుకొన్న చోట స్వరము చక్కగా వినవచ్చినప్పుడు అవి చురుకుగా మ్రోగెను. మేత దొరికినప్పుడు మెదడులో కలుగు సంతృప్తికి సాధనమైన రసాయనమే ఇక్కడ స్వరము కుదిరినందుకు పనిచేయుచున్నది. బయటినుండి ఎవరును మెచ్చుకొననక్కరలేదు. బాగుగా పాడుటయే దానికి బహుమానము.

నిద్రయు ఈ సాధనలో భాగమే. 2000లో చికాగో విశ్వవిద్యాలయమునకు చెందిన డేవ్, మార్గోలియాష్ నిద్రించు జీబ్రా ఫించ్ మెదడులో పగటి పాట నాటి కణముల మ్రోతయే మరల కలుగుట గమనించిరి. 2005లో మరియొక పరిశోధన ఇంకొక సంగతి తెలిపెను. పిల్లపిట్ట రాత్రి నిద్రించి తెల్లవారి పాడినప్పుడు పాట ముందునాటికన్న చెడియుండును. పగటి సాధనతో మరల బాగుపడును. ఉదయమున ఎక్కువగా చెడిన పిట్టలే తుదకు గురువు పాటను ఎక్కువ చక్కగా పట్టుకొనెను. నిన్న అప్పజెప్పిన పాఠమును నేడు తడబడిన పిల్లవానిపై కోపము తెచ్చుకొనకముందు ఈ సంగతిని తలచుకొనుట మంచిది.

కనరీ వంటి పక్షులలో ఈ చదువు ఏటేట మరల సాగును. వసంతమున హెచ్.వి.సి. శరత్తునాటికి ఉన్నదానికన్న దాదాపు రెట్టింపగునని నాటెబోమ్ 1981లో ప్రకటించెను. రెండేండ్ల పిదప ఆయనయు గోల్డ్‌మన్ అను శాస్త్రజ్ఞుడును పెద్దకనరీ మెదడులో క్రొత్త నాడీకణములు పుట్టుచున్నవని చూపిరి. పెరిగిన మెదడున క్రొత్తకణము పుట్టదను బలమైన నమ్మకము దానితో కదలిపోయెను. పాట మగపక్షి సొత్తన్న నమ్మకమునకును ఇట్టిగతియే పట్టినది. 2014లో వెలువడిన ఒక పరిశీలన ప్రకారము, చూచిన జాతులలో 71 శాతమున ఆడుపక్షులును పాడును.

ఇంతవరకు చెప్పినది నేర్పు మహిమ. ఇక దాని ఆపద. పుట్టుకతో వచ్చిన కూత జాతి యున్నంతకాలము ఉండును. నేర్చిన పాట అట్లు కాదు. వినుపించు పెద్దలు లేకపోయిన నాడు పిల్లలుండగనే పాట పోవును. ఇది ఊహ కాదు, నేడు జరుగుచున్నది. ఆగ్నేయ ఆస్ట్రేలియా అడవులలో రీజెంట్ హనీ ఈటర్ అను పసుపు నలుపు రంగుల పిట్ట యొకటి కలదు. అడవులు కొట్టివేయుటచే అది నశించి, కొన్ని వందలు మాత్రమే మిగిలినది. విశాలదేశమున ఒకటొకటిగా చెదరిన పిల్లలకు తమ జాతి పెద్దల పాట చెవిని పడుట అరుదైనది. 2021లో ఆ దేశపు శాస్త్రజ్ఞులు ప్రకటించిన ప్రకారము, పరిశీలించిన మగపిట్టలలో 12 శాతము తమ జాతి పాట బొత్తిగా రాక ఇతర పక్షుల పాటలే పాడుచున్నవి. వింతపాట పాడు మగవానికి జోడు దొరుకుటయు తక్కువ. జోడు లేనిచో పిల్లలు లేవు. పిల్లలు తగ్గినచో పెద్దలు తగ్గుదురు. పెద్దలు తగ్గినచో పాట మరింత తగ్గును. మొదట సంఖ్య తగ్గి పాట పోయెను. ఇప్పుడు పాట పోయి సంఖ్య తగ్గుచున్నది. అందుచే సంరక్షకులు పంజరములలో పుట్టిన పిల్లలకు ధ్వనిముద్రణములను వినిపించుచు, పాట వచ్చిన పెద్దలను గురువులుగా నియమించుచున్నారు. పిట్టలకు బడి పెట్టవలసి వచ్చినది!

పోయిన పాట మరల పుట్టదా? 2009లో ఓల్గా ఫెహెర్, ఆమె సహచరులు జీబ్రా ఫించ్‌లతో ఇందుకు సమాధానము వెదకిరి. ఒంటరిగా పెరిగి మొరటుపాట పాడు మగపిట్టను పిల్లలకు గురువుగా నుంచిరి. పిల్లలు ఆ పాటను నేర్చినవి. నేర్చుటలోనే కొంత సవరించినవి. ఆ పిల్లలకు శిష్యులైనవి మరికొంత సవరించినవి. మూడు నాలుగు తరములకు పాట అడవిలోని తమ జాతి పాటకు చేరువయ్యెను. ఇది ఆశ కలిగించు మాటయే. కాని దీనిలోని షరతును మరువరాదు: తరమునకు తరము తగిలియుండవలెను, ఒకడు పాడుచుండగా మరియొకడు వినుచుండవలెను. ఆ గొలుసు తెగిన చోట సవరించుటకు ఏమియు మిగులదు. పోగొట్టుకొనుటకు ఒక్క తరము చాలును. తిరిగి తెచ్చుకొనుటకు నాలుగు తరములు పట్టును.

పిట్టను చూపి బడికి శాసనము వ్రాయుట తగదు. పిట్టపాటకు స్వరక్రమము కలదు గాని మనుష్యభాషకు గల అర్థసంపద లేదు. అయినను విని నేర్చుటకు ప్రకృతి యేర్పరచిన పద్ధతి యేమో ఆ చిన్నమెదడు చెప్పుచున్నది. ఎదుట ప్రాణముగల గురువుండవలెను. తడబడుటకు తావుండవలెను. తన గొంతును తాను వినుటకు శిష్యునకు అవకాశముండవలెను. వీనికి వేళ మించిపోరాదు. అర్థము తెలియక వల్లించుదానిని మనము చిలుకపలుకులని ఈసడింతుము. ఈసడింపదగినది అనుకరణము కాదు, అనుకరణముతోనే ఆగిపోవుట. అనుకరణములేని చదువు ఎక్కడను లేదు.

తెలుగు పద్యము కూడ నేర్చిన పాటయే. దాని నడక అచ్చుపుస్తకములో సగమే యున్నది. తక్కిన సగము చదువువాని గొంతులో నున్నది. యతి దగ్గర ఎట్లు నిలువవలెనో, సమాసమును ఎక్కడ విరువవలెనో గణములు గుర్తుపెట్టి చూపవచ్చును గాని చెవికెక్కించునది గురుముఖమే. పద్యమును గొంతెత్తి చదువు ఉపాధ్యాయుడు లేని తరగతినుండి వచ్చిన విద్యార్థి, రేపు తానే ఉపాధ్యాయుడైనప్పుడు ఏమి వినిపింపగలడు? పరీక్షకు ప్రతిపదార్థము వ్రాయించి ఊరకుండుట పాట చిత్రమును కాగితముపై చూపి పిట్టను పాడుమనుట వంటిది. ప్రతి తెలుగు తరగతిలోను దినమునకొక పద్యము ఉపాధ్యాయుని నోట వినబడవలెను. ఆ పిదప పిల్లలు తమ వచ్చీరాని గొంతులతో, నవ్వుబాటు భయము లేక, దానిని చదువవలెను. ఇందుకు ధనమక్కరలేదు, యంత్రమక్కరలేదు. అయిదు నిమిషముల కాలము చాలును. కోకిలకు గురువు లేకున్నను కూత నిలుచును. పద్యమునకు ఆ యదృష్టము లేదు.